లోహాన్వేషికి చెవులే కన్నులు

హౌరా స్టేషను నుండి బర్ద్వాన్ దిక్కుగా బయలుదేరిన లోకల్ రైలు మొట్టమొదట ఆగే చోటు లిలువా. హుగ్లీ నదికి పడమటి ఒడ్డున, కలకత్తా మహానగరానికి ఆవలి దరిన ఉన్న ఈ పేట పేరు రైల్వే వారందరికీ సుపరిచితం. రైలుపెట్టెలను విప్పి, సరిచేసి, మళ్లీ పట్టాల మీదికి పంపే పెద్ద కర్మాగారం అక్కడ శతాబ్దానికి పైగా పనిచేస్తున్నది. తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన ఖరగ్‌పూర్ వలెనే ఇదీ రైలు కూతల మధ్య పెరిగిన ఊరు.

ఇటువంటి రైల్వే ఊళ్లలో ఒకప్పుడు ఒక దృశ్యం తరచుగా కనిపించేది. పొడవైన పిడి గల సుత్తి చేతబట్టుకొని ఒక మనిషి ఆగిన బండి పక్కగా నడుస్తూ, ఒక్కొక్క చక్రాన్నీ ఒక్క దెబ్బ కొట్టి, క్షణంపాటు చెవి ఒగ్గి, ముందుకు సాగిపోయేవాడు. చక్రం గంటవలె ఖంగుమన్నదా, అది గట్టిది. బొంగురుగా పలికిందా, లోపల ఎక్కడో పగులు ఉన్నదన్న మాట. ఆ చక్రం దగ్గర అతడు ఆగేవాడు. ఈనాడు ఇరుసుల లోపలి పగుళ్లను అతిధ్వని తరంగాలతో పరీక్షిస్తున్నారు. అయినా ఆ సుత్తి మనిషి నేర్పిన పాఠం మాత్రం పాతబడలేదు. లోహం తన రహస్యాన్ని కంటికి చెప్పదు, చెవికి చెబుతుంది. అయితే శబ్దం వినడంతోనే సరిపోదు. అది ఏ చక్రానిదో, ఏ చోటిదో తెలియవలెను. చోటు తప్పితే విన్నదంతా వ్యర్థం.

నేలలోని లోహాన్ని వెదికే యంత్రం, అంటే మెటల్ డిటెక్టరు, కొన్నవారు దాని వెంట వైర్‌లెస్ హెడ్‌ఫోను కొనబోయేటప్పుడు గుర్తుంచుకోవలసిన మొదటి మాట ఇదే. కడపటి మాట కూడా ఇదే.

అధ్యక్షుని మంచం దగ్గర

లోహశోధక యంత్రం పుట్టుకలోనే ఈ పాఠం ఉన్నది. 1881 జులై 2వ తేదీన అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్‌ను ఒక హంతకుడు తుపాకితో కాల్చాడు. ఒక గుండు శరీరంలోనే ఉండిపోయింది. ఎక్స్‌కిరణాలు అప్పటికి ఇంకా కనుగొనబడలేదు. గుండు ఎక్కడ ఉన్నదో వైద్యులకు అంతుపట్టలేదు. టెలిఫోను కనుగొన్న అలెగ్జాండర్ గ్రాహంబెల్ అప్పుడు ముందుకు వచ్చాడు. డేవిడ్ హ్యూస్ అనే శాస్త్రజ్ఞుడు 1879లో రూపొందించిన విద్యుత్ ప్రేరణ పరికరాన్ని ఆధారంగా తీసుకొని, లోహం దగ్గరపడినప్పుడు టెలిఫోను శ్రవణిలో శబ్దం వినిపించే ఒక యంత్రాన్ని తయారుచేశాడు. అంతర్యుద్ధంలో గాయపడి శరీరంలో తూటాలు మోస్తున్న పాత సైనికులపై దానిని పరీక్షించాడు. యంత్రం బాగానే పనిచేసింది.

అధ్యక్షుని దగ్గర మాత్రం అది విఫలమైంది. పరుపు కింద ఉన్న ఉక్కు స్ప్రింగులు యంత్రాన్ని తికమకపెట్టాయి. అంతేకాదు, గుండు కుడివైపుననే ఉన్నదని ప్రధాన వైద్యుడు గట్టిగా నమ్మి, ఆ వైపు తప్ప మరోవైపు వెదకనీయలేదు. సెప్టెంబరు 19న గార్‌ఫీల్డ్ మరణించాడు. శవపరీక్షలో గుండు ఎడమవైపున దొరికింది. యంత్రం ఉన్నది, దానిని ఆలకించే చెవి ఉన్నది. తప్పిందల్లా చోటు ఒక్కటే.

ఆరు దశాబ్దాల తరువాత, రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, జోసెఫ్ కొసాట్స్కీ అనే పోలిష్ సైనికాధికారి స్కాట్లండ్‌లో ఉండగా చేతితో పట్టుకొని నడిచే మందుపాతర శోధకాన్ని రూపొందించాడు. బరువు సుమారు 14 కిలోలు. సైనికుడు చెవులకు శ్రవణులు తగిలించుకొని, పొడవైన కర్ర చివరనున్న తీగచుట్టను నేలకు దగ్గరగా ఆడిస్తూ నడిచేవాడు. 1942 అక్టోబరులో ఎల్ అలమీన్ యుద్ధరంగానికి ఇటువంటివి సుమారు 500 చేరాయి. మందుపాతరలు నిండిన ఎడారిలో సైన్యం దారి చేసుకొనే వేగం గంటకు సుమారు 100 మీటర్ల నుండి 200 మీటర్లకు పెరిగిందని చెబుతారు. కొసాట్స్కీ ఈ యంత్రానికి పేటెంటు తీసుకోలేదు. ఆ సైనికుని విషయంలో శబ్దానికీ చోటుకూ మధ్య పొరపాటు పడితే దాని మూల్యం ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక తీగ లేకుండా వినడం మాటకు వస్తే, ఆ కథలో కలకత్తాకు గొప్ప స్థానం ఉన్నది. ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యుడైన జగదీశ్ చంద్రబోస్ 1895లో కలకత్తా టౌన్‌హాలులో విద్యుదయస్కాంత తరంగాలను గోడల గుండా పంపి, దూరాన గంట మ్రోగించి, తుపాకిమందును పేల్చి చూపాడు. 1899లో లండన్ రాయల్ సొసైటీకి సమర్పించిన ఒక పత్రంలో, పాదరసంతో చేసిన తరంగ గ్రాహకానికి టెలిఫోను శ్రవణిని జతచేసిన విధానాన్ని వివరించాడు. గాలిలో వచ్చిన సంకేతాన్ని చెవికి అందించే ఈనాటి వైర్‌లెస్ హెడ్‌ఫోనుకు పూర్వీకులలో ఒకటి హుగ్లీ తీరాననే పుట్టిందని చెప్పుకొనే హక్కు మనకున్నది.

నేల ఏమి చెబుతుంది?

మెటల్ డిటెక్టరు చేసే పని సూక్ష్మమైనదేగాని అర్థం చేసుకోవడం కష్టం కాదు. కర్ర చివర పళ్లెంలా ఉండే తీగచుట్ట గుండా మారుతూ ఉండే విద్యుత్తు ప్రవహిస్తుంది. దానివలన నేలలోకి అయస్కాంత క్షేత్రం ప్రసరిస్తుంది. ఆ క్షేత్రంలో లోహపు ముక్క ఉంటే దానిలో చిన్న సుడిప్రవాహాలు పుడతాయి. అవి తమ వంతుగా మరొక క్షేత్రాన్ని పుట్టిస్తాయి. యంత్రం దానిని గ్రహించి స్వరంగా మారుస్తుంది. లోహాన్ని బట్టి స్వరం మారుతుంది. ఇనుపమేకు గొంతు సాధారణంగా మందరం. సీసం, చిన్న బంగారు వస్తువు, సిగరెట్టు పెట్టెలోని వెండిరేకు మధ్యస్థాయిలో పలుకుతాయి. రాగి, వెండి తారస్థాయిలో పలుకుతాయి. సీసమా బంగారమా అన్నది స్వరాన్ని బట్టి చెప్పడం నిపుణునికి సైతం సాధ్యం కాదు.

వస్తువు లోతుగా ఉన్నకొద్దీ స్వరం బలహీనమవుతుంది. గాలి వీచేచోట, వాహనాలు తిరిగేచోట యంత్రానికున్న చిన్న లౌడ్‌స్పీకరులో అది వినిపించదు. హెడ్‌ఫోను అవసరం ఇక్కడ వస్తుంది. పక్కవారికి ఇబ్బంది ఉండదు. యంత్రం బ్యాటరీ కూడా కొంత ఆదా అవుతుంది.

లిలువా, బేలూరు, హౌరా పరిసరాల నేలను ఒకసారి ఊహించుకోండి. రైల్వే కర్మాగారం, చుట్టూ పోతపని చేసే ఇనుప ఫౌండ్రీలు, చిన్న చిన్న లేతు షెడ్లు. తరాల తరబడి రివెట్లు, మేకులు, ఇనుప చిట్టెం ఆ మట్టిలో కలిశాయి. అటువంటి ఊళ్లో ఒక గృహిణి పెరట్లో జారవిడుచుకున్న ఉంగరాన్ని వెదకబోతే యంత్రం అడుగడుగునా ఇనుము గొంతుతోనే గొణుగుతుంది. రెండు మేకుల మధ్య పడి ఉన్న ఉంగరం పలికేది కనురెప్పపాటు. ఆ పలుకును పట్టుకొనడమే విద్య. విజయవాడ రైల్వే వాడలోనైనా, విశాఖ పారిశ్రామిక వాడలోనైనా మాట ఇదే.

చేయి ముందు, చెవి వెనుక

తీగ గల హెడ్‌ఫోనులో శబ్దం పుట్టిన క్షణమే చెవికి చేరుతుంది. వైర్‌లెస్‌లో అలా కాదు. మామూలు బ్లూటూత్ పరికరం శబ్దాన్ని ముందుగా అంకెలుగా మారుస్తుంది. ఆ అంకెలను కుదించి చిన్న చిన్న పొట్లాలుగా కట్టి గాలిలో పంపుతుంది. అందుకున్న హెడ్‌ఫోను వాటిలో ఏదైనా దారితప్పితే మళ్లీ తెప్పించుకొనడానికి వీలుగా కొంతసేపు నిలవచేసి, తరువాత విప్పి వినిపిస్తుంది. ఈ తతంగానికి పట్టే కాలాన్ని జాప్యం అందాము. సాధారణ బ్లూటూత్‌లో ఇది సెకనులో ఆరవ వంతు నుండి నాలుగవ వంతు వరకు, అంటే సుమారు 150 నుండి 250 మిల్లీసెకన్ల వరకు ఉంటుంది.

పాట వినేవానికి ఈ జాప్యంతో నిమిత్తం లేదు. పాట ఎప్పుడు మొదలైతే అప్పుడే వింటాడు. సినిమా చూసేటప్పుడు కూడా ఫోను బొమ్మను కొంచెం ఆపి, మాటకు సరిపోయేలా సర్దుతుంది. కాని లోహాన్వేషి చేతిని ఆపగల యంత్రం ఏదీ లేదు. చేయి కదులుతూనే ఉంటుంది.

లెక్క చూడండి. తీగచుట్టను సెకనుకు ఒక మీటరు వేగంతో ఆడిస్తున్నామనుకుందాము. జాప్యం 200 మిల్లీసెకన్లు అయితే, శబ్దం వినిపించే వేళకు తీగచుట్ట వస్తువును దాటి 20 సెంటీమీటర్లు, అంటే జానెడు దూరం పోయి ఉంటుంది. ఎడమ నుండి కుడికి ఆడించినప్పుడు వస్తువు కుడివైపు జానెడు దూరంలో ఉన్నట్లు తోస్తుంది. కుడి నుండి ఎడమకు వచ్చేటప్పుడు ఎడమవైపు జానెడు దూరంలో ఉన్నట్లు తోస్తుంది. ఒకే ఉంగరం రెండు చోట్ల పలుకుతుంది. ఆ రెండు చోట్లా అది ఉండదు. మేకుల గుంపులోనైతే ఏ పలుకు ఏ ముక్కదో తేల్చుకొనడం అసాధ్యమవుతుంది. తవ్విన గుంటల సంఖ్య పెరుగుతుంది. కొత్తగా యంత్రం కొన్న అనేకులు నిరుత్సాహపడి యంత్రాన్ని నిందిస్తారు. అయితే తప్పు యంత్రంలో కాక హెడ్‌ఫోనులో ఉండవచ్చు.

అందుచేత జాప్యం తగ్గించే పద్ధతులు వచ్చాయి. ఆప్టెక్స్ లో లేటెన్సీ అనే బ్లూటూత్ పద్ధతిలో జాప్యం సుమారు 40 మిల్లీసెకన్లు. మన లెక్కలో ఇది నాలుగు సెంటీమీటర్లు. డిటెక్టర్ల తయారీదారులు కొందరు బ్లూటూత్‌ను వదిలి సొంత రేడియో పద్ధతులను వాడుతున్నారు. అమెరికాకు చెందిన గారెట్ సంస్థ తన జెడ్‌లింక్ పద్ధతి జాప్యం 17 మిల్లీసెకన్లని పేర్కొంటున్నది. అంటే రెండు సెంటీమీటర్లకు లోపు. ఫ్రాన్సుకు చెందిన ఎక్స్‌పీ సంస్థ 2009లో డియస్ అనే యంత్రాన్ని విడుదల చేసి, తీగచుట్టకూ హెడ్‌ఫోనుకూ మధ్య కూడా తీగ లేకుండా చేసింది. 2020లో ప్రకటితమైన బ్లూటూత్ ఎల్‌ఈ ఆడియో ప్రమాణం జాప్యాన్ని తగ్గించే మరొక మార్గం తెరిచింది.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. తక్కువ జాప్యపు పద్ధతి పనిచేయాలంటే పంపే యంత్రం, అందుకొనే హెడ్‌ఫోను రెండూ ఆ పద్ధతిని ఎరిగి ఉండవలెను. ఒకదానికి తెలియకపోతే రెండూ కలిసి పాత మామూలు పద్ధతికి దిగిపోతాయి. బజారులో వేల రూపాయలు పోసి కొన్న సంగీతపు హెడ్‌ఫోను డిటెక్టరుతో జతపడుతుందిగాని, చాలాసార్లు ఈ విధంగా జానెడు వెనుకబడుతుంది. అట్టపెట్టె మీద బ్లూటూత్ సంఖ్య 5 అని ఉన్నంత మాత్రాన జాప్యం తక్కువని భావించరాదు. ఆ సంఖ్యకూ దీనికీ నేరుగా సంబంధం లేదు.

ఇంటి పెరట్లో పరీక్ష

ఎవరి మాటా నమ్మనక్కరలేదు. పరీక్ష మీరే చేయవచ్చు.

ఇనుము లేని నేలను చూసుకొని ఒక ఇత్తడి తాళంచెవినో, వెండి ఉంగరాన్నో ఉంచండి. చలామణిలో ఉన్న రూపాయి బిళ్ల దీనికి పనికిరాదు. 1992 తరువాత వచ్చిన రూపాయి నాణేలు అయస్కాంతానికి అంటుకొనే ఉక్కుతో చేసినవి. వాటిని యంత్రం ఇనుముగా పొరబడవచ్చు. ముందుగా యంత్రం స్పీకరుతోగాని, తీగ గల హెడ్‌ఫోనుతోగాని వినండి. తీగచుట్టను ఎడమ నుండి కుడికి, కుడి నుండి ఎడమకు ఒకే వేగంతో ఆడిస్తూ, శబ్దం వినిపించిన చోట్ల నేలపై రెండు పుల్లలు గుచ్చండి. తరువాత వైర్‌లెస్ హెడ్‌ఫోను తగిలించుకొని ఇదే పని తిరిగి చేయండి. రెండవసారి పుల్లల మధ్య దూరం మొదటిసారి కంటే పెద్దగా పెరగకపోతే హెడ్‌ఫోను మంచిది. మూరెడు పెరిగితే దానిని పాటలకు ఉంచుకోండి.

దానితోనే రెండవ పరీక్ష. యంత్రాన్ని అర నిమిషం నిశ్శబ్దంగా పట్టుకొని, ఆ తరువాత వస్తువు మీదుగా ఒక్కసారి వేగంగా ఆడించండి. కొన్ని సంగీతపు హెడ్‌ఫోనులు శబ్దం లేనప్పుడు బ్యాటరీ ఆదా కొరకు కునుకు తీస్తాయి. మేలుకొనే లోపల మొదటి పలుకు కాస్తా జారిపోతుంది. బయటి చప్పుడును అణచే ఏర్పాటు ఉన్నవి సైతం సన్నని పలుకును మార్చివేసే అవకాశం ఉన్నది. యంత్రంలో ఎడతెగని సన్నని జుమ్మనే నాదాన్ని ఉంచుకొనే వీలుంటే, ఈ కునుకు సమస్య కొంత తగ్గుతుంది.

మిగిలిన విషయాలను త్వరగా చూద్దాము. డిటెక్టరు స్వరాలకు గంభీరమైన మంద్రస్వరాలు పలికించే ఖరీదైన హెడ్‌ఫోను అక్కరలేదు. చాలా యంత్రాల స్వరాలు సెకనుకు వేయి కంపనాలకు అటూ ఇటూగా మధ్యస్థాయిలోనే ఉంటాయి. స్పష్టత ముఖ్యం, గాంభీర్యం కాదు. శబ్దం హెచ్చుతగ్గులను హెడ్‌ఫోను మీదనే సరిచేసుకొనే మీట ఉండవలెను. నేలపైననే పడి ఉన్న పెద్ద రేకు ముక్క ఒక్కసారిగా చెవులు దిమ్మెరపోయేలా అరుస్తుంది. హద్దుమీరిన శబ్దాన్ని అణచే ఏర్పాటు ఉంటే మరీ మేలు. పెద్దలకు వారానికి 40 గంటలపాటు 80 డెసిబెల్స్ మించకుండా వినడం క్షేమమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. సన్నని పలుకులను పట్టుకొనే వినికిడే అన్వేషికి పెట్టుబడి. దానిని పాడుచేసుకొని యంత్రం ఎంత మంచిదైనా ఏమి లాభం?

వైశాఖమాసపు బెంగాలు ఉక్కపోతలోగాని, కోస్తా జిల్లాల ఎండలోగాని చెవులను పూర్తిగా మూసే దిండు హెడ్‌ఫోను అరగంటకే చెమటలో నానుతుంది. బరువు తక్కువగా, దిండ్లు ఊడదీసి కడుక్కొనడానికి వీలుగా ఉన్నది చూసుకోండి. నీటి తట్టుకొనే శక్తిని ఐపీ అనే అక్షరాల తరువాతి అంకెలు చెబుతాయి. మొదటి అంకె దుమ్మును గురించి, రెండవది నీటిని గురించి. రెండవ అంకె 4 అయితే చిందిన నీటిని ఓర్చుకుంటుంది. 8 అయితే తయారీదారు చెప్పిన లోతువరకు మునిగినా తట్టుకుంటుంది. అయితే హెడ్‌ఫోను మునిగి బతకడం వేరు, మునిగి పనిచేయడం వేరు. బ్లూటూత్ తరంగాలను నీరు పీల్చివేస్తుంది. నీటి అడుగున తీగే గతి. బ్యాటరీ అయిపోయిన వేళకు కూడా తీగ తగిలించుకొనే రంధ్రం ఉండడం మంచిది. ఆ రంధ్రం 3.5 మిల్లీమీటర్లదా, 6.35 మిల్లీమీటర్లదా అన్నది యంత్రంతో సరిచూసుకోండి.

బ్లూటూత్ మొదలైనవి వాడే 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగాలకు మన దేశంలో 2005 నుండి వాడుకరి లైసెన్సు తీసుకొనవలసిన పనిలేదు. విద్యుత్ తీగల దగ్గర యంత్రం ఊరికే గోలపెడుతుంటే హెడ్‌ఫోనును తప్పుపట్టకండి. రైలుమార్గాల మీది 25,000 వోల్టుల తీగల వంటివి కలతపెట్టేది తీగచుట్టను. తీగ గల హెడ్‌ఫోనుతో విన్నా ఆ గోల పోకపోతే కారణం అదే.

మూసిన చెవి, తెరిచిన పట్టాలు

లిలువా వంటి ఊరిలో మరొక మాట ముఖ్యం. హౌరా నుండి వచ్చే మార్గం దేశంలోని రద్దీ మార్గాలలో ఒకటి. చెవులకు ఇయర్‌ఫోనులు తగిలించుకొని పట్టాలు దాటుతూ వెనుక వచ్చే బండి కూతను వినక ప్రాణాలు పోగొట్టుకొన్నవారి వార్తలు మనం తరచుగా చదువుతున్నాము. లోహాన్వేషి పరిస్థితి ఇంకా ప్రమాదకరం. అతని చెవులు మూసి ఉంటాయి, చూపు నేలపై ఉంటుంది, మనసు మట్టి లోపల ఉంటుంది. విద్యుత్ రైలు పాత ఆవిరి యంత్రంలా దూరం నుండే భూమి దద్దరిల్లేలా రాదు.

కాబట్టి పట్టాల పక్కన వెదకడం అనే ఆలోచననే పెట్టుకొనరాదు. అది నేరం కూడా. 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షను ప్రకారం అనుమతి లేకుండా రైల్వే స్థలంలో ప్రవేశిస్తే ఆరు నెలల వరకు ఖైదు, వేయి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. రోడ్డు పక్కన, పశువులు తిరిగేచోట, పాములు ఉండే పొదలలో వెదికేవారు ఒక చెవిని తెరిచి ఉంచే హెడ్‌ఫోనును వాడడం వివేకం. చెవిని మూయకుండా దవడ ఎముక ద్వారా శబ్దాన్ని అందించేవి కూడా దొరుకుతున్నాయి. సన్నని పలుకు ఒకటి రెండు తప్పిపోయినా నష్టం లేదు. రైలు కూత తప్పిపోతే తిరిగి విననే వినలేము.

దొరికినది ఎవరిది?

ఇంతవరకు చోటును కనిపెట్టడం గురించి చెప్పుకున్నాము. చోటును కాపాడడం మరొకటి ఉన్నది.

మన ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలలో గుప్తనిధుల పిచ్చి కొత్తది కాదు. డిటెక్టర్లు చేతబట్టుకొని పాత గుడులను, కోటలను అర్ధరాత్రివేళ తవ్విపారేసే ముఠాల వార్తలు పత్రికలలో వస్తూనే ఉన్నాయి. నంది విగ్రహం కింద నిధి ఉందన్న మూఢనమ్మకంతో శతాబ్దాలనాటి శిల్పాన్ని పగులగొట్టినవారూ ఉన్నారు. వారికి దొరికేది సాధారణంగా మట్టి. పోయేది చరిత్ర.

చట్టం స్పష్టంగానే ఉన్నది. 1878 నాటి భారత నిధి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దాగి ఉండి దొరికిన వస్తువు విలువ పది రూపాయలు మించితే, కనుగొన్నవాడు కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలియజేయవలెను. అందులో ఏమి దొరికింది, ఎంత, ఎక్కడ దొరికింది, ఎప్పుడు దొరికింది అనే వివరాలు ఉండవలెను. దాచిపెడితే వాటా పోవడమే కాక, ఒక సంవత్సరం వరకు ఖైదుగాని, జరిమానాగాని, రెండూగాని విధించవచ్చు. రక్షిత స్మారక స్థలాలలో అనుమతి లేకుండా తవ్వడాన్ని 1958 నాటి చట్టం నిషేధిస్తున్నది. నూరేళ్లు దాటిన నాణెం, విగ్రహం వంటివి 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువులు. వాటిని దేశం దాటించడం నేరం. ఇతరుల పొలంలో కాలుపెట్టాలంటే యజమాని అనుమతి కావలెనన్నది చట్టం చెప్పకముందే మర్యాద చెప్పే మాట.

చట్టం "ఎక్కడ దొరికింది" అని ఎందుకు అడుగుతున్నదో తెలుసుకొనడానికి ఒక ఉదాహరణ చాలు. 2024 మార్చిలో సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధ క్షేత్రంలో తెలంగాణ వారసత్వ శాఖ తవ్వకాలు జరుపుతుండగా ఒక మట్టికుండ బయటపడింది. అందులో 3,730 సీసపు నాణేలు ఉన్నాయి. ఒకవైపు ఏనుగు, మరొకవైపు ఉజ్జయిని చిహ్నం. ఇవి ఇక్ష్వాకుల కాలానివని నిపుణులు నిర్ణయించారు. సీసానికి బజారులో ఏపాటి ధర? ఆ కుండను ఏ దొంగవాడో రాత్రివేళ తవ్వుకుపోయి ఉంటే అతనికి దక్కేది కొద్ది కిలోల సీసం. నెమ్మదిగా, పొర వెంట పొరగా తవ్వినవారికి అది ఏ మఠం నేలలో, ఏ లోతున, ఏ వస్తువుల నడుమ ఉన్నదో తెలిసింది. విలువ నాణెంలో ఎంత ఉన్నదో, అది పడి ఉన్న చోటులో అంతకు మించి ఉన్నది.

డిటెక్టరు దానంతటదే చరిత్రకు శత్రువు కాదు. అమెరికాలో లిటిల్ బిగ్‌హార్న్ అనే పాత యుద్ధభూమి మీద గడ్డి 1983లో కార్చిచ్చుకు కాలిపోయింది. మరుసటి ఏడాది పురావస్తు శాస్త్రజ్ఞులు డిటెక్టర్లు వాడడం తెలిసిన స్వచ్ఛంద సేవకులను పిలిచారు. వారు వరుసలో నడుస్తూ, పలికిన ప్రతిచోటా ఒక చిన్న జెండా పాతారు. ప్రతి తూటా ఎక్కడ, ఏ దిక్కుగా పడి ఉన్నదో పటంలో గుర్తించిన తరువాతనే దానిని తీశారు. 1876లో ఆ గుట్టలపై ఎవరు ఎక్కడ నిలిచి పోరాడారో, ఎటు కదిలారో ఆ పటం చెప్పింది. అదే తూటాలను ఏరి సంచిలో పోసుకొని ఉంటే ఒక్క ముక్కా నోరు విప్పేది కాదు.

చట్టానికి లోబడి యంత్రాన్ని వాడే సందర్భాలు తక్కువేమీ కావు. సొంత పెరట్లో జారిన ఉంగరం, పొలంలో ఊడిపడిన నాగటి కర్రు, మట్టిలో కప్పుకుపోయిన గొట్టం మూత, ఇవన్నీ దానికి తగిన పనులే. పోలీసు బాంబు దళాలు దానితో ప్రాణాలు కాపాడుతున్నాయి. పాత వస్తువు ఏదైనా బయటపడినట్లు అనుమానం కలిగితే తవ్వడం ఆపి, చోటు గుర్తుపెట్టి, కలెక్టరుకు తెలియజేయడం పౌరధర్మం.

సుత్తి మనిషి పక్కన

ఇప్పుడు మళ్లీ ఆ పాత రైల్వే యార్డుకు వెళదాము. సుత్తి మనిషి దగ్గర బ్యాటరీ లేదు, తరంగాలు లేవు. అతని చేతి దెబ్బకూ చెవి వినికిడికీ మధ్య జాప్యం లేదు. విన్నదానిని కొట్టిన చక్రంతోనే ముడిపెట్టేవాడు. అతడు పొరబడితే ఎక్కడో దూరపు వంతెన మీద ఒక బండి ప్రయాణికులు దాని ఫలితం అనుభవించేవారు. కాబట్టి అతడు తొందరపడేవాడు కాదు.

వైర్‌లెస్ హెడ్‌ఫోను కొనబోయేవారు దుకాణంలో అడగవలసినది పాట ఎంత బాగా వినిపిస్తుందని కాదు, శబ్దం ఎంత త్వరగా వినిపిస్తుందని. రంగు చూడకండి, జాప్యం చూడండి. ఇంటికి తెచ్చి రెండు పుల్లలతో పరీక్షించండి. సరిపడినది దొరికేవరకు పాత తీగ హెడ్‌ఫోనును పారవేయకండి. దానిలో ఏ లోపమున్నా అది చోటు విషయంలో అబద్ధం చెప్పదు.

నేల పలికిన క్షణాన చేయి ఆగవలెను. ఆగిన చేయి తవ్వబోయే ముందు, ఇక్కడ తవ్వే అధికారం నాకున్నదా అని మనసు ఒక్కసారి అడగవలెను. ఆ పాటి జాప్యం మాత్రం మంచిదే.